తలుపుకు పెట్టిన బొట్టు

మొన్న మా మార్కాపురం ఇంటికి పెళ్ళిపిలుపు వచ్చింది. వచ్చిన ఆడవాళ్ళిద్దరూ చెప్పులు కూడా విడవకుండా గడప బయటే నిలబడి, నా నుదుట బొట్టు పెట్టి, కార్డు చేతికిచ్చి, అందరూ రావాలని చెప్పి స్కూటీ ఎక్కి వెళ్ళిపోయారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఎండ మండిపోతోంది, ఇంకా తిరగాల్సిన ఇళ్ళు బోలెడు. నేను మాత్రం తలుపు వేయకుండా అక్కడే నిలబడిపోయాను. వినాల్సిన మాట ఒకటి ఇంకా వినలేదనిపించింది. ఆ మాట అనే మనిషి ఈ మధ్యనే పోయింది.

బేస్తవారిపేటకు ఆటో దూరంలో ఉన్న మా ఊళ్ళో ఆమె అందరికీ పిలుపుల పెద్దమ్మ. చిన్నవాళ్ళకూ పెద్దమ్మే, ఆమె కంటే పెద్దవాళ్ళకూ పెద్దమ్మే. అసలు పేరు నాకు ఆమె పోయాక వేసిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద చూసేదాకా తెలియదు. చూసి కూడా ఒక క్షణం ఇదెవరబ్బా అనుకున్నాను. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా మా ఊళ్ళో ఎవరూ పోల్చుకోలేరు.

మా వైపు పెళ్ళికి కార్డు ఒక లాంఛనం. అసలు పిలుపంటే బొట్టు. ముత్తయిదువ ఇంటికొచ్చి, ఆ ఇంట్లో ఉన్న ప్రతి ఆడమనిషికీ నుదుట బొట్టు పెట్టి చెబితేనే పిలిచినట్టు. ఒకరికి పెట్టి ఒకరిని మరిస్తే ఆ అలక మనవళ్ళ పెళ్ళిళ్ళ దాకా తీరదు. ఇంటికి తాళం వేసి చేలకు పోయి ఉంటే తలుపుకే బొట్టు పెట్టి వెళతారు. సాయంత్రం చేతిలో కొడవలితో తిరిగొచ్చిన ఇల్లాలు తలుపు మీద ఎర్రటి చుక్క చూసి, ఎవరి పెళ్ళో అని ఆరా తీస్తుంది.

ఈ పని తప్పుల్లేకుండా జరగాలంటే ఊరంతా తెలిసిన మనిషి ముందు నడవాలి. ఏ ఇంట్లో కొత్త కోడలు దిగింది, ఎవరి కూతురు కాన్పుకు వచ్చింది, ఇవన్నీ పెద్దమ్మకు తెలుసు. మనిషి పొడుగు, నడక జోరు. వెంట వెళ్ళిన పెళ్ళివారి ఆడవాళ్ళు వీధి మలుపు తిరిగేలోపు ఆయాసపడి చీరకొంగుతో విసురుకునేవారు. ఇత్తడి భరిణె ఎడమచేతిలో గుప్పిట పట్టేది. ఉంగరం వేలి గోరు సందులో ఎరుపు ఎప్పటికీ పోయేది కాదు, అన్నం కలిపేటప్పుడు కూడా కనబడేది. పిలుపులకు వెళ్ళినప్పుడు ఎవరింట్లోనూ కూర్చునేది కాదు, ఒక్క సందర్భంలో తప్ప.

ముందుకొచ్చిన ఆడవాళ్ళందరికీ బొట్లు పెట్టాక, భరిణె మూయకుండా ఇంటి లోపలికి ఒకసారి చూసేది. "ఇంకొకరు ఉండాల గదా" అనేది.

ఉంటారు. ఏ ఊళ్ళో చూసినా కొన్ని ఇళ్ళలో ఇంకొకరు ఉంటారు. వెనక గదిలో, గొడ్ల కొట్టంలో, మిద్దె మీద రేకుల షెడ్డులో. చుట్టాలొస్తే వాళ్ళ గొంతు వినబడకుండా టీవీ పెంచుతారు. పెద్దమ్మ అడిగేది వాళ్ళనే. "పిచ్చిదానికేం పిలుపు పెద్దమ్మా" అనేవారు ఇంటివాళ్ళు. ఆమెకు చెముడేమీ లేదు, ఎక్కడో ఆటో హారను కొడితే అది ఎవరిదో చెప్పేది. అయినా ఆ ఒక్క మాట మాత్రం వినబడనట్టు, "ఎవురికి?" అనేది. మళ్ళీ చెప్పేవారు. "ఎవురికి నాయనా?" అని మళ్ళీ అడిగేది. పేరు చెప్పేదాకా అట్లాగే అడిగేది. ఊళ్ళో అందరూ దడిచే ఒక పెద్దరైతు, భార్యను ఏళ్ళ తరబడి మిద్దె మీద ఉంచిన మనిషి, పెద్దమ్మ ముందు చివరికి తల దించుకొని భార్య పేరు పలికాడు. కొత్త పెళ్ళికొడుకు పలికినంత మెల్లగా పలికాడు.

పేరు చెప్పినా మనిషిని బయటికి తీసుకురాకపోతే, అప్పుడు కూర్చునేది పెద్దమ్మ. గడప పక్కన అరుగు మీద కూర్చొని భరిణె ఒళ్ళో పెట్టుకునేది. తిట్టేది కాదు, వాదించేది కాదు. దాచిన మనిషి మగవాడయితే బొట్టు ఉండదు కాబట్టి ఆకూ వక్కా చేతిలో పెట్టి పిలిచేది. వెంట వచ్చిన పెళ్ళివాళ్ళకు పొద్దుపోతోందని కోపం వచ్చేది. ఆమెను పంపితే పిలుపులు సాయంత్రానికి కావని గొణిగేవాళ్ళు. అయినా ఆమెను వదిలిపెట్టి వెళితే ఎవరిని మరిచిపోతామో అన్న భయంతో మళ్ళీ ఆమెకే భరిణె ఇచ్చేవాళ్ళు. ఆమె వస్తోందని తెలిసి వెనక తలుపు ముందే గడియ పెట్టుకునే ఇళ్ళు కూడా ఉండేవి.

మా ఇల్లు వాటిలో ఒకటి.

మా వెనక గదిలో చిన్నత్త ఉండేది. మా నాయనకు చెల్లెలు. వెలిగండ్ల వైపు ఇచ్చారు. తొలికాన్పులో బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత ఆమెకు నిద్ర కరువైంది, మాట మారింది. బావిలోంచి బిడ్డ ఏడుపు వినబడుతోందని తాడు పట్టుకొని పరిగెత్తేది. మొగుడు తెచ్చి మా గుమ్మంలో దింపి వెళ్ళి, ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. నాయన ఎవరెక్కడికి పొమ్మంటే అక్కడికి తిప్పాడు. నిమ్మకాయలు కోయించాడు, దర్గాకు శుక్రవారాలు తీసుకెళ్ళాడు, మెడ నిండా తాళ్ళు కట్టించాడు. తిరిగి తిరిగి విసిగి వెనక గది ఖాళీ చేయించాడు. మేం చెడ్డవాళ్ళం కాదు. వేళకు అన్నం పెట్టేవాళ్ళం, మా అమ్మ తల దువ్వి జడ వేసేది. గది గొళ్ళెం మాత్రం బయటి వైపు ఉండేది.

నేను కడుపుతో పుట్టింటికి వచ్చిన వేసవిలో ఎదురింట్లో పెళ్ళి కుదిరింది. అప్పుడే మా తమ్ముడికి గిద్దలూరులో ఒక సంబంధం మాట్లాడుతున్నారు. నాయనకు అది చాలా ఇష్టమైన సంబంధం. పిల్ల తరఫువాళ్ళు ఆ పెళ్ళికి బంధువులు, తప్పకుండా వస్తారు. ఈ సంబంధం ఖాయమయ్యేదాకా చిన్నత్త ఎవరి కంటా పడకూడదని ఆయన ఇంట్లో అందరికీ చెప్పేశాడు. పెద్దమ్మ వీధిలోకి వచ్చిందని తెలియగానే అమ్మ వెళ్ళి గొళ్ళెం సరిచూసుకొని వచ్చింది.

పెద్దమ్మ అమ్మకు బొట్టు పెట్టింది, నాకు పెట్టింది. లోపలికి చూసింది. ఇంకొకరు ఉండాలంది. ఆమె పడుకొని ఉంది, ఇప్పుడు లేపడమెందుకు, తలుపుకు పెట్టి వెళ్ళు పెద్దమ్మా అంది అమ్మ. తెలివైన ఉపాయం దొరికిందనుకుంది పాపం.

"తలుపుకు పెట్టేది మనిషి ఇంట్లో లేనప్పుడమ్మా. మనిషి ఉంటే మనిషికే" అని పెద్దమ్మ అరుగు మీద కూర్చుంది.

ఎండ అరుగు మీదికి వచ్చింది. ఆమె కదల్లేదు. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. వెంట వచ్చిన ఎదురింటి ఆడవాళ్ళు నీడకోసం గోడవారకు జరిగారు. చివరికి అమ్మ లేచి వెళ్ళి గొళ్ళెం తీసింది. చిన్నత్త వసారాలోకి వచ్చి వెలుతురుకు కళ్ళు మూసుకుంది. పెద్దమ్మ వేలు నుదుటి దగ్గరికి రాగానే వెనక్కి జంకింది. పెద్దమ్మ వేలు అక్కడే గాలిలో ఆపి ఉంచింది. కాసేపటికి చిన్నత్తే ముఖం ముందుకు పెట్టింది. "ఎదురింట్లో పెండ్లమ్మా. నువ్వు రావాల" అంది పెద్దమ్మ, పేరు పెట్టి పిలిచి. చిన్నత్త ఆ బొట్టు మూడు పూటలూ చెరగకుండా చూసుకుంది.

పెళ్ళిరోజు పొద్దున పెద్దమ్మ మళ్ళీ వచ్చి, పిలిచినదాన్ని తోడుకొని పోవాల గదా అని చిన్నత్త చేయి పట్టుకొని తీసుకెళ్ళింది. నాయన చేలో ఉన్నాడు. గట్టిమేళం మోగగానే చిన్నత్త రెండు చేతులతో చెవులు మూసుకొని కూర్చుండిపోయింది. పెద్దమ్మ ఆ చేతుల మీద తన చేతులు వేసి మూసింది. తాళి కట్టేది వదిలేసి జనం వీళ్ళనే చూశారు. భోజనాల బంతిలో చిన్నత్త మాకందరికీ మధ్యలో కూర్చొని శుభ్రంగా తిన్నది, పెరుగు రెండోసారి అడిగి వేయించుకుంది. గిద్దలూరు వాళ్ళు అంతా చూశారు. తర్వాత వారంలో, మా పిల్లకు ఇంకా వయసు రాలేదని కబురు పంపారు.

నాయన పెద్దమ్మ ఇంటి ముందు నిలబడి నానా మాటలూ అన్నాడు. నా కొడుకు నోట్లో మట్టి కొట్టినావన్నాడు. ఆమె చేటలో కందులు చెరుగుతూ అంతా విన్నది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఒక్క మాట అన్నది.

"దాచిపెట్టి ఆ పిల్లను తెచ్చుకుంటివనుకో. రేపు ఆ పిల్లకే ఏమన్నా అయితే యాడ పెడతావు నాయనా? నీకున్నది ఆ గదే గదా."

నాయన ఇంటికొచ్చి అన్నం తినలేదు. నేను కాన్పు అయి పాపతో ఉన్నప్పుడు, ఒక పొద్దున అమ్మనూ చిన్నత్తనూ పెద్దమ్మనూ ఒంగోలు బస్సు ఎక్కించడానికి స్వయంగా బేస్తవారిపేట దాకా వెళ్ళాడు.

పెద్దాసుపత్రిలో ఈ జబ్బులకు వేరే డాక్టర్లున్నారని పెద్దమ్మకు అంతకుముందే తెలుసు. ఊళ్ళో కొందరిని అట్లా తీసుకెళ్ళింది. దర్గా తాళ్ళు విప్పేయాలా అని అమ్మ బస్సులో అడిగిందట. "తాయెత్తు ఉండనీ, మాత్ర మింగనీ. రెండూ కొట్లాడుకోవులే" అన్నదట పెద్దమ్మ. మాత్రలు మంత్రాలేమీ కావు. మొదట్లో చిన్నత్త పగలంతా మగతగా పడి ఉండేది, పెదవి చివర చొంగ కారేది. ఇదేం బాగుపడటమని అమ్మ మానిపించబోయింది. పెద్దమ్మ మళ్ళీ వెంటబెట్టుకొని వెళ్ళి డాక్టరుకు చెప్పించి మందు మార్పించింది. బావి దగ్గర ఏడుపు వినబడటం ఎప్పుడు తగ్గిందో ఎవరూ గమనించలేదు. ఒకరోజు నాయన స్క్రూడ్రైవరు తెచ్చి ఆ గొళ్ళెం ఊడదీశాడు. ఆ స్క్రూల బొక్కలు తలుపుకు ఇప్పటికీ ఉన్నాయి.

తమ్ముడికి బేస్తవారిపేటలోనే వేరే సంబంధం కుదిరింది. పెళ్ళిచూపుల్లో కాఫీలు ఇవ్వకముందే నాయన, మా ఇంట్లో మా చెల్లెలుంది, మనసుకు జబ్బు చేసింది, మందులు వాడుతోంది అని చెప్పేశాడు. అవతలాయన, మా అన్న కూడా వాడతాడండీ అన్నాడు. ఆ పెళ్ళికి పిలుపులకు పెద్దమ్మతో నేనే తిరిగాను. అప్పుడే నాకు ఆమె సంగతి తెలిసింది.

ఊరంతా అయిపోయాక నేను ఇంటిదారి పట్టబోతే ఆమె ఇంకొక ఇల్లుందని చెప్పి చేలవైపు నడిచింది. ఇళ్ళు వెనకబడ్డాయి. దూరంగా నల్లమల కనబడుతోంది. ఆముదం చేను దాటాక వాళ్ళ కందిచేను. దాని మధ్యలో కూలిపోయిన కొట్టం ఒకటి. గోడలు కరిగిపోయి మట్టిలో కలిశాయి. ద్వారబంధం మాత్రం ఒంటరిగా నిలబడి ఉంది, ఒక తలుపురెక్క దానికి వేలాడుతోంది. ఆ రెక్క మీద కుంకుమ. వానకు కారి ఎండిన పాతవి, వాటి మీద కొత్తవి, ఎన్ని పెళ్ళిళ్ళవో. ఆమె భరిణె తెరిచి ఇంకో బొట్టు పెట్టి, "పెండ్లికి రావాలక్కా" అంది.

ఎవరు పెద్దమ్మా అన్నాను.

ఆమె అక్కట. ఆమెకంటే పెద్దదట, పాటలు బాగా పాడేదట. పెళ్ళీడుకొచ్చాక మాటలు గతి తప్పాయి. కొడుకుల్లేని ఇల్లు కాబట్టి పెద్దమ్మకు ఇల్లరికం చూశారు. పెళ్ళికొడుకు వాళ్ళకు తెలిస్తే వెళ్ళిపోతారని, పెళ్ళి పొద్దున అక్కకు అన్నం మూట కట్టిచ్చి ఈ కొట్టంలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. పెళ్ళిసందడిలో ఎవరికి ఎవరు గుర్తుంటారు. సాయంత్రం వచ్చి చూస్తే అన్నం మూట విప్పకుండా ఉంది. మనిషి లేదు. కంభం చెరువు దాకా వెతికారు, అడవిలో వెతికారు, రైలు స్టేషన్లలో అడిగారు. దొరకలేదు.

"నా పెండ్లికి ఊరందరికీ బొట్టు పెట్టి పిలిచినారు. మా అక్కను పిలవలేదు" అంది పెద్దమ్మ. "ఇప్పుడు ఇంట్లో లేదు గదా. అందుకే తలుపుకు."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. నాకే వచ్చాయి. ఆమె మొగుడికి ఈ సంగతి తర్వాత తెలిసిందట. ఆయన ఒక్క మాటా అనలేదు. ఏటా ట్రాక్టరు పెట్టి దున్నించేటప్పుడు ఆ ద్వారబంధం చుట్టూ కాస్త నేల మాత్రం వదిలేయించేవాడు. ఆయన మంచితనమంతా నాకు ఆ దున్నని నేలలో కనబడింది.

ఆ మంచిమనిషి పోయాడు. దినం అయ్యాక ఆమె చేతికి భరిణె ఇచ్చినవాళ్ళు లేరు. ముత్తయిదువ కాదు కదా, బొట్టు పెట్టే చేయి కాదట. ఊళ్ళో అందరూ వదిలేసిన మనుషులను అన్నేళ్ళు గడప దాకా రప్పించిన ఆ చేతిని, ఆచారం పేరు చెప్పి మా ఊరు పక్కన పెట్టింది. దీనికి మాత్రం నేను మా ఊరిని ఇప్పటికీ క్షమించలేదు. పిలుపులు తొందరగా పూర్తి కావడం మొదలైంది. ఎవరూ లోపలికి తొంగిచూడటం లేదు. వీధిలోంచి పిలుపులవాళ్ళు వెళుతుంటే ఆమె తన అరుగు మీద కూర్చొని, వాళ్ళు ఏ ఇంటి ముందు ఎంతసేపు నిలబడుతున్నారో చూసేదని విన్నాను.

తర్వాత కొడుకు ఆమెను మార్కాపురం తీసుకొచ్చుకున్నాడు. పలకల ఫ్యాక్టరీలో పని అతనికి. ఇక్కడికొచ్చాక ఆమె తిండి తగ్గించింది, మాట తగ్గించింది, తర్వాత అక్కను వెతుకుతూ బయలుదేరడం మొదలుపెట్టింది. ఒకసారి రైలు పట్టాల మీద నడుస్తుంటే గేటు దగ్గర ఆపి ఇంటికి చేర్చారు. కొడుకు భయపడిపోయాడు. తనూ భార్యా పనికి వెళ్ళినప్పుడు ఎట్లా అని ఆమె గది తలుపుకు బయట గొళ్ళెం పెట్టించాడు. దుర్మార్గుడు కాదు, అమ్మంటే ప్రాణం. మా నాయన కూడా దుర్మార్గుడు కాదు కదా.

ఇదంతా నాకు తెలిసింది పోయిన ఏడు మా అమ్మాయి పెళ్ళికి. ఆ వేసవిలో కడుపులో ఉన్న పాపే. పిలుపులకు నా వెంట చిన్నత్త వచ్చింది. తమ్ముడి దుకాణంలో కూర్చుంటుంది ఇప్పుడు, రోజూ సాయంత్రం మాత్ర వేసుకుంటుంది. వదిలేసిన మొగుడు ఎక్కడో బతికే ఉన్నాడు కాబట్టి ఆమె చేయి బొట్టు పెట్టే చేయే. మా ఆచారాల లెక్కలు అట్లా ఉంటాయి.

పెద్దమ్మ కొడుకు ఇంటికి వెళ్ళాం. కోడలు బయటికొచ్చి బొట్టు పెట్టించుకుంది. అత్తమ్మ పడుకుందనీ, ఆమెకు ఎట్లాగూ బొట్టు లేదు కదా అనీ, ఏమీ అనుకోకుండా తలుపుకు పెట్టి వెళ్ళమనీ అంది. నేను ఏమనాలో తేల్చుకునేలోపు చిన్నత్త అరుగు మీద కూర్చుంది. భరిణె ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంకొకరు ఉండాల గదా" అంది.

చిన్నత్త పిలుపులకు రావడం అదే మొదలు. ఎవరూ నేర్పలేదు. కోడలు నా వైపు చూసింది, నేను చిన్నత్త వైపు చూశాను. చిన్నత్త ఎవరివైపూ చూడలేదు. కోడలు లోపలికి వెళ్ళింది. మా ఇంట్లో గొళ్ళెం తీసిన చప్పుడు లాంటి చప్పుడే లోపల వినబడింది.

పెద్దమ్మ గోడ పట్టుకొని వచ్చింది. చిక్కి సగమైంది. మమ్మల్ని గుర్తుపట్టలేదు. భరిణెను మాత్రం గుర్తుపట్టింది. చిన్నత్త ఆమె బోసినుదుట ఎర్రగా బొట్టు పెట్టింది. కోడలు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ ఆ భరిణె అందుకొని, చిన్నత్తకు పెట్టింది, నాకు పెట్టింది, కోడలికి పెట్టింది. భరిణె మూయకుండా మా భుజాల మీదుగా వీధిలోకి చూసింది. ఖాళీ వీధి. "ఇంకొకరు ఉండాల" అంది. వెనక్కి తిరిగి చూడకుండా ఉండటం నా వల్ల కాలేదు.

కొడుకు తర్వాత ఆమెను డాక్టరుకు చూపించాడు. గొళ్ళెం లోపలికి మార్పించాడు, పగలు పక్కింటామె కూర్చునేట్టు ఏర్పాటు చేశాడు. చివరి నెలల్లో కాస్త తిన్నదని, ఒకటి రెండు సార్లు కొడుకును పేరు పెట్టి పిలిచిందని విన్నాను. అంతకంటే బాగుపడలేదు. నిద్రలోనే పోయింది.

దినం ఊళ్ళో చేశారు. ఫ్లెక్సీ కింద బంతి భోజనాలు జరుగుతున్నాయి. ఒకప్పుడు మిద్దె మీద ఉన్నామె, కొట్టంలో ఉన్నతను, పెద్దమ్మ పేరుపేరునా పిలిచినవాళ్ళు చాలామంది ఆ బంతిలో కూర్చొని ఉన్నారు. నా పక్కన విస్తరి ఖాళీగా ఉందని అప్పుడు చూశాను. చిన్నత్త లేదు. ఇంట్లో లేదు, వీధిలో లేదు. బావి దగ్గరికి పరిగెత్తాను. అక్కడా లేదు. అప్పుడు తోచి చేలవైపు పోయాను.

కందిచేను మధ్యలో ఆ ద్వారబంధం ముందు నిలబడి ఉంది. భరిణె చేతిలో ఉంది. రంగు వెలిసిన తలుపురెక్క మీద తాజాగా రెండు బొట్లు, పక్కపక్కన.

"ఇద్దరూ ఇంట్లో లేరు గదా. అందుకే ఇక్కడ పెట్టినా" అంది చిన్నత్త.

గాలికి తలుపురెక్క కొద్దిగా కదిలింది. ఆమె భరిణె మూసి కొంగున కట్టుకుంది, ఉంగరం వేలికి అంటిన ఎరుపును తుడుచుకోలేదు.

"పోదాం పామ్మా. నా మాత్రకు పొద్దాయె" అని ముందు నడిచింది.